స్క్రీన్ చూపించు

ఆ శనివారం దీపం వెలిగించి వచ్చి సోఫాలో కూర్చున్న అత్తమ్మ, కాసేపు ఎదురుచూసి, వంటింట్లో ఉన్న నన్ను పిలిచింది.

"పాట రాలే బిడ్డా."

మా ఇంట్లో సాయంత్రం పాట దానంతట అదే వస్తుంది. హాల్లో కిటికీ పక్కన మా ఆయన పాత కంప్యూటర్ ఉంటుంది. ఉద్యోగం కోసం నవీ ముంబై వెళ్లేముందు, రోజూ దీపాల వేళకు ఒక రామభజన మొదలయ్యేలా ఆయన దానిలో ఏదో ఏర్పాటు చేసి వెళ్లారు. "నా కొడుకు యాది పెట్టుకొని ఏశిండు" అంటుంది అత్తమ్మ. వేసేది కంప్యూటర్ అని నేను ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను. "దానికి చెప్పింది వాడే గద" అంది. తర్వాత చెప్పడం మానేశాను.

వెళ్లి చూశాను. మధ్యాహ్నం అది ఏదో అప్‌డేట్ చేసుకుంటూ, మధ్యలో ఆపొద్దని తెర మీద చెబుతూ ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు వచ్చాక ఎవరం పట్టించుకోలేదు. ఇప్పుడు ఆన్ చేస్తే నీలం తెర వచ్చింది. రిపేరు చేసుకుంటున్నానంది. కాసేపటికి చేసుకోలేకపోయానంది. ఆగిపోయి, మళ్లీ ఆన్ అయి, మళ్లీ అదే మాట.

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నా ఉద్యోగం. దాన్ని సరిచేసేది ఎప్పుడూ ఇంకొకరు. ఇంట్లో ఆ ఇంకొకరు మా ఆయనే. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నారన్నమాట.

ఆయన పనిచేసేది ఒక డేటా సెంటర్‌లో. వేల కంప్యూటర్లను అరల్లో పేర్చి, పగలూ రాత్రీ ఆగకుండా నడిపే చోటు. అంతకుముందు చాలా ఏళ్లు ఇక్కడే, అప్పట్లో నేను పనిచేసిన కంపెనీలోనే, ఉద్యోగుల కంప్యూటర్లు బాగుచేసేవారు. ఆ పని మొత్తాన్ని కంపెనీ బయటివాళ్లకు అప్పజెప్పేసరికి ఆయన ఉద్యోగం పోయింది. మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా తిరగని ఆఫీసు లేదు. చివరికి దొరికింది అక్కడ. నా ఉద్యోగం ఇక్కడ. అత్తమ్మ తను పుట్టి పెరిగిన నేల వదిలి రానంది. పిల్లలు లేరు కాబట్టి ప్రగతి నగర్ ఇంట్లో మిగిలింది మేమిద్దరం.

అసలు మేం కలిసిందే పాడైన కంప్యూటర్ దగ్గర. అప్పుడు నేను కాకినాడ నుంచి కొత్తగా వచ్చి, కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటూ హైటెక్ సిటీకి వెళ్లి వచ్చేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నా సిస్టం పడుకుంది. జిప్పున్న సీడీల పర్సు ఒకటి చంకలో పెట్టుకుని ఒకతను వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"బ్యాకప్ ఉన్నదా మేడం?"

"ఉంటే ఇంత కంగారెందుకండీ నాకు?"

అతను నవ్వాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. జర టైం పడ్తది. మీరు చాయ్ తాగి రాండ్రి."

నేను వెళ్లలేదు. అది ఒక సీడీ మింగి, చాలాసేపు నమిలి, ఇంకోటి పెట్టమని అడిగేది. పెట్టాక ఇద్దరికీ పనేమీ లేదు. అద్దాల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. "గా బండలున్నయ్ చూడుండ్రి, వాటి పక్కన మా జొన్న చెల్క ఉండె" అన్నాడు.

"ఇప్పుడేముందండీ అక్కడ?"

"మీ క్యాంటీన్."

ఆ మాట అతను బాధగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. ఫలానా చోట బస్టాపు ఉంది అన్నట్టు అన్నాడు. ఆ రోజు క్యాంటీన్‌లో అన్నం తింటూ కాళ్ల కింది నేలకేసి చూశాను. పెళ్లయ్యాక కూడా అక్కడ తిన్నప్పుడల్లా చూసేదాన్ని.

మర్నాడు ఆదివారం, ఆయనకు సెలవు. పొద్దున్నే వీడియో కాల్ చేశారు. గదిలో ఉండే మిగతావాళ్లు రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్నారని కిందికి దిగి, రోడ్డు పక్క టీకొట్టు ముందు నిలబడ్డారు. వెనక ఆటోలు పోతున్నాయి. గడ్డం గీసుకోలేదు. కణతల దగ్గర తెలుపు కాస్త పైకి పాకింది.

"స్క్రీన్ చూపియ్యి" అన్నారు.

కెమెరా తిప్పి తెర వైపు పెట్టాను. కొంచెంసేపు చూసి, "ఇది ఇగ లేవదు. సిస్టం మొత్తం కొత్తగ ఎక్కియ్యాలె" అన్నారు.

"అయితే ఉండనీండి. వచ్చే నెల వస్తున్నారుగా, మీరొచ్చాక చేద్దురు."

ఆయన రోడ్డు వైపు చూశారు. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయేదాకా ఆగారు. "అంతదాక ఎందుకు? పాట లేకుంటె అమ్మకు ఎట్ల? ఇయ్యాల్నే చేద్దాం. నేను చెప్త, నువ్వు చెయ్యి."

ఆ ఆగడం నాకు నచ్చలేదు. కానీ అడగలేదు. అడిగితే జవాబు చెబుతారని భయం.

"బీరువ కింది అరల బిస్కెట్ల డబ్బ ఉంటది, తియ్యి."

తీశాను. స్క్రూడ్రైవర్లు, వైరు ముక్కలు, వాటి మధ్య ఎర్ర దారం కట్టిన పెన్‌డ్రైవ్. సిస్టం పూర్తిగా చెడిపోతే మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవడానికి వెళ్లేముందే తయారుచేసి పెట్టారట. "చెప్పిన గద నీకు" అన్నారు. చెప్పే ఉంటారు. ఆ రోజు నేను కరివేపాకు పొడి, నువ్వుల పొడి సీసాలు పగలకుండా ఆయన చొక్కాల మధ్య సర్దుతున్నాను. ఎవరేం చెప్పినా చెవికెక్కే స్థితిలో లేను.

ముందు కంప్యూటర్ పెట్టె విప్పాలన్నారు. రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోన్ అత్తమ్మకిచ్చాను. కెమెరా కంప్యూటర్ వైపు ఉండాలని, ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆవిడ శ్రద్ధగా పట్టుకుంది. కానీ ఫోన్‌లో కొడుకు ముఖం కనిపిస్తోంది కదా, దాన్ని దగ్గరగా చూసుకోవాలని ఫోన్ వంచేస్తోంది.

"అమ్మా, నేల చూపిస్తున్నవ్."

"బక్కగైనవ్ రా."

"ఏం కాలే. జర పైకి లేపు."

"బువ్వ ఎవరు వండుతున్నరు? గట్లెందుకైనవ్?"

"అమ్మా, ఇప్పుడు ఫ్యాన్ కనపడుతున్నది. స్క్రీన్ చూపియ్యమ్మా."

పెట్టె పక్క రేకు విప్పేసరికి లోపల వేలెడు మందాన దుమ్ము. పాత పెయింట్ బ్రష్‌తో దులిపాను. లోపల రెండు డిస్కులున్నాయి. సన్నదానిలో సిస్టం ఉంటుంది, పెద్దదానిలో మా ఫోటోలు, పాటలు. పెద్దదాని వైరు పీకెయ్యమన్నారు.

"పీకేస్తే ఏమీ కాదుగా?"

"పీకేస్తెనే ఏం కాదు. కొత్తది ఎక్కేటప్పుడు పాతయన్ని తుడిచిపెడ్తది. కంటికి కనపడనిదాన్ని ముట్టది."

పీకాను. పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేసి, ఆయన చెప్పిన బటన్‌ను టకటక నొక్కాను. ఆలస్యమైంది, మళ్లీ నీలం తెర వచ్చింది. రెండోసారి దొరికింది. దేనితో మొదలుపెట్టాలని అడిగితే పెన్‌డ్రైవ్‌ను చూపించాను. భాష అడిగింది, కీబోర్డు అడిగింది. ఆఖరికి రెండు దారులు చూపించింది. ఫైళ్లు మాత్రం తీసెయ్యాలా, డిస్కును పూర్తిగా కడిగెయ్యాలా అని.

"రెండోది ఎవరికన్న ఇచ్చేసేటప్పుడు. మనమెవరికిస్తం? మొదటిదే నొక్కు."

బాణం గుర్తు దాని మీదికి తీసుకెళ్లి ఆగాను. అక్కడ టీకొట్టు దగ్గర నిలబడి ఆయన ఆ ఆగిన బాణాన్ని చూస్తున్నారు.

"ఏమైంది?"

"మీరు పెట్టినవన్నీ పోతాయిగా. పాట టైమూ అదీ."

"పోతే మల్ల పెడ్త."

"ఎప్పుడు?"

"నొక్కు," అన్నారు మెల్లగా.

నొక్కాను. తెర నల్లబడిపోయింది. ఒక్క గుర్తూ లేదు. ఏదో చెడగొట్టేశాననుకుని మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. అప్పుడు ఆయన గొంతు వినిపించింది, అప్పటిదాకా ఉన్నట్టు కాదు.

"ఇగో, కనపడ్డవ్."

నాకు అర్థం కాలేదు. తర్వాత చూశాను. కిటికీ వెలుగుకు ఆ నల్లటి తెర అద్దంలా అయింది. అందులో నేను, జుట్టు ముడేసుకుని, నైటీ మీద చున్నీ వేసుకుని. నా భుజం వెనక ఫోన్ పట్టుకున్న అత్తమ్మ. కెమెరా తిప్పినప్పటి నుంచీ మేం ఆయన్ని చూస్తూనే ఉన్నాం. ఆయన మాత్రం అంతసేపూ నీలం తెరనూ, వైర్లనూ, నేలనూ, ఫ్యాన్‌నూ చూశారు.

"మొకం మీద దుమ్ముంది," అన్నారు. తుడుచుకున్నాను. "గా దిక్కు కాదు. ఇంకో దిక్కు."

"కెమెరా తిప్పనా?"

"వద్దు. గిట్లనే ఉండనీ జర."

అత్తమ్మ ఈసారి చెయ్యి కదపలేదు. నేనూ కదల్లేదు. నల్లని తెరలోని ఆ మనిషి ఎవరో నాకంటే బాగా ఉన్నట్టు అనిపించింది. చాలాకాలంగా ఎవరూ నన్నలా ఊరికే చూడలేదు. ఫోన్‌లో రోజూ మాట్లాడుకుంటాం. గ్యాస్ వచ్చిందా, అమ్మకు మందులు అయిపోయాయా, మెట్రోలో సీటు దొరికిందా. చూసుకోవడం మాత్రం మాటల మధ్య ఎక్కడో జారిపోయింది. ఇంతలో తెర మధ్య తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. వాటి వెలుగుకు మా బొమ్మలు చెరిగిపోయాయి.

"మంచిగనే నడుస్తున్నది," అన్నారాయన.

ఇక చేసేదేమీ లేదు. అత్తమ్మ ఫోన్ నాకిచ్చి అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆయన టీకొట్టు బల్ల మీద కూర్చుని ఒక చాయ్ చెప్పారు. నేను నేల మీద గోడకానుకుని కూర్చున్నాను. తెర మీద శాతం అంకె చీమలా కదులుతోంది.

"వచ్చే నెల కుదరది," అన్నారు.

నేను ఆ అంకెకేసి చూశాను.

"కొత్త బిల్డింగ్ మొదలువెడ్తున్నరు. నన్ను దాంట్ల ఉండుమన్నరు. ఇంకో రెండేండ్లు అన్నట్టు. లేదంటె ఉన్న నౌకరి సుత ఉండదు."

"ఎప్పుడు తెలిసింది?"

"పోయిన వారం. ఫోన్ల ఎట్ల చెప్పాల్నో సమజ్ కాలే."

"ఇప్పుడూ ఫోన్‌లోనేగా చెప్పారు."

"అవును," అన్నారు. చాయ్ గ్లాసు చేతిలో ఉంది కానీ తాగడం లేదు. "ఎదురుంగ ఉంటె చెప్పకపోతుంటినేమో."

కోపం రావాలి. రాలేదు. ఎవరి మీద తెచ్చుకోను? ఆయన అక్కడ ఉండాలని కోరుకున్నవాళ్లు మా ముగ్గురిలో ఎవరూ లేరు. సెలవుల్లో వచ్చినప్పుడు సాయంత్రాలు ప్రగతి నగర్ చెరువు చుట్టూ నడుస్తాం. ఆయనది వడి నడక. నాకంటే ముందు వెళ్లిపోయి, మలుపు దగ్గర ఆగి, చెరువు చూస్తున్నట్టు నిలబడతారు. నేను వచ్చి కలిసేదాకా చెరువు చూడటం అయిపోదు. ఆయన లేనప్పుడు నేను ఒక్కదాన్నే నడుస్తాను. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి. అక్కడెవరూ ఉండరని కాళ్లకు ఎందుకు తెలియదో. ఇంకో రెండేళ్లు తెలియకుండానే ఉండాలి కాబోలు.

ఇవేవీ ఆయనతో అనలేదు. "చాయ్ చల్లారిపోతోంది," అన్నాను. తాగారు.

అలా చాలాసేపు కూర్చున్నాం. ఆయన ఫోన్‌ను ఏదో డబ్బాకు ఆనించి పెట్టారు. ఆయన అడగకుండానే నేను కెమెరా నా వైపు తిప్పాను. టీకొట్టతను మరాఠీలో ఏదో అడిగితే, ఆయన నన్ను చూపిస్తూ హిందీలో జవాబిచ్చారు. అతను ఫోన్‌లోకి వంగి నాకు నమస్తే చెప్పి వెళ్లాడు.

అన్నం ఉడికేసరికి కంప్యూటర్ మళ్లీ లేచింది. కొత్తదానిలా మెరుస్తూ, మేం ఎవరో ఏమీ తెలియనట్టు ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ దేశం, ఏ వైఫై. ఆ తర్వాత, దీన్ని ఎవరు వాడతారని అడిగింది.

"పేరు అడుగుతోందండీ."

"నీ పేరు కొట్టు."

ఇన్నాళ్లూ అక్కడ ఆయన పేరుండేది. రోజూ పొద్దున్నే దాన్ని ఆన్ చేసి, ఆయన పేరు మీద నొక్కితేనే లోపలికి వెళ్లగలిగేదాన్ని. అదొక చిన్న సుఖం. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"మీ పేరే పెడతాను."

"వాడేది నువ్వు గద."

"అయినా సరే."

"నా పేరెందుకే దానికి? ఇంట్ల ఉన్నోళ్ల పేరు పెట్టాలె."

అప్పుడు వచ్చింది కోపం. అంతసేపు రానిది ఒక్కసారిగా. "మీరు ఇంట్లో లేరని ఎవరన్నారు?" అని అరిచాను. అక్కడ ఆయన తల దించుకున్నారు. చేతిలోని ఖాళీ గ్లాసు తిప్పుతున్నారు.

వంటింట్లోంచి గరిటెతో అత్తమ్మ బయటికి వచ్చింది. "ఏందీ లొల్లి? ఎవల పేరు?"

చెప్పాను. దీనికి ఒక పేరు పెట్టాలట, ఆయన నా పేరంటున్నారు, నేను ఆయన పేరంటున్నాను అని.

"నా పేరు పెట్టు," అంది అత్తమ్మ. "పాట నాకోసమే గద పాడేది. మీకెందుకు మరి?"

ముందు నవ్వింది ఆయన. ఆయన నవ్వు చూసి నాకూ ఆగలేదు. కళ్లలో నీళ్లతోనే నవ్వాను. అత్తమ్మ పేరులోని ప్రతి అక్షరాన్నీ ఆవిడకు చూపిస్తూ టైపు చేశాను. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకు రావు. అయినా వేలు పెట్టి చూసి, "ఇంత పొడుగుంటదా నా పేరు?" అంది. కంప్యూటర్ ఆవిడను పేరు పెట్టి పలకరించి, స్వాగతం చెప్పి తలుపు తెరిచింది.

ఆపేసి, పీకిన వైరు మళ్లీ తగిలించి ఆన్ చేస్తే ఫోటోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. భజన కూడా ఉంది. దాన్ని వేళకు పాడించే ఏర్పాటు మాత్రం పోయింది. అది ఎలా పెట్టాలో చెబుతానన్నారు. ఆయన ఫోన్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది.

"వెళ్లి భోంచెయ్యండి. పాట నేను వేస్తాను," అన్నాను.

"యాది ఉంటదా?"

"ఉంటుంది."

ఆ సాయంత్రం అత్తమ్మ దీపం పెట్టి వచ్చి కూర్చున్నాక, కూర గిన్నె దించి, చేతులు తుడుచుకుని, హాల్లోకి వచ్చి పాట వేశాను. ఆవిడ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. "ఇయ్యాల జర లేటుగ ఏశిండు," అంది తనలో తను.

పాట అయ్యాక, ఆయన ఇంకో రెండేళ్లు అక్కడే ఉండాలన్న సంగతి ఆవిడకు చెప్పాను. ఆవిడ చీర కొంగు మడతలు సరిచేసుకుంది. "వాడు రాకుంటె మనం పోతం," అంది. "బొంబాయికి నడిచి పోవాల్నా ఏంది? రైలున్నది గద."

గండిపేట దాటి ఎక్కడా నాలుగు రోజులు ఉండని మనిషి అన్న మాట అది. వచ్చే నెల ఆయన రావలసిన రోజులకే నేను సెలవు పెట్టాను. లింగంపల్లిలో రైలెక్కాం. దారంతా అత్తమ్మ కిటికీ వదల్లేదు. చీకటి పడ్డాక కూడా బయటికే చూస్తూ కూర్చుంది. ఊరికి వెళ్లిన స్నేహితుడెవరో తన గది తాళం ఇస్తే, ఆయన మమ్మల్ని అక్కడ దింపారు. ఒకటే గది, మూలన ఒక గట్టు, దాని మీద గ్యాస్ పొయ్యి. అత్తమ్మ రాగానే ఆయన దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆయన నిలబడి తిప్పించుకున్నారు.

మర్నాడు డ్యూటీకి వెళుతూ మమ్మల్నీ తీసుకెళ్లారు, బయటినుంచి చూపిస్తానని. బూడిదరంగు కట్టడం. ఎత్తుగా, పొడుగ్గా, గోడలే గోడలు. అత్తమ్మ మెడ పైకెత్తి ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది.

"దీనికి కిటికీలు లెవ్వేందిరా?"

"లోపల ఎవ్వరు ఉండరమ్మా. కంప్యూటర్లే ఉంటయ్."

"నువ్వుంటవ్ గదరా," అంది అత్తమ్మ.

ఆయన నవ్వబోయి ఊరుకున్నారు. మెడలో కార్డు సరిచేసుకుని, గేటు దాటి, ఇంకోసారి వెనక్కి చూసి లోపలికి వెళ్లిపోయారు. మేం అక్కడే కాసేపు నిలబడ్డాం. లోపలి నుంచి ఏదో హోరు సన్నగా వినిపిస్తోంది.

"మల్ల ఎప్పుడొస్తడు?" అంది అత్తమ్మ.

"సాయంత్రానికి."

"సాయంత్రానికి వస్తడు," అని మళ్లీ తనే అనుకుంది, ఆ మాట రుచి చూస్తున్నట్టు.

అక్కడున్న ఆ కొద్దిరోజులూ సాయంత్రం కాగానే నేను గదిలో చప్పుడు చేసే పనులన్నీ ఆపేసేదాన్ని. కుక్కర్ పెట్టేదాన్ని కాదు, కుళాయి విప్పేదాన్ని కాదు. మెట్ల మీద ఎవరెవరో ఎక్కేవారు, దిగేవారు. ఆ అడుగుల్లోంచి ఆయన చెప్పుల చప్పుడు విడిగా తెలిసేది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఒక క్షణం ఆగేవారు. అప్పుడు లేచి చాయ్‌కి నీళ్లు పెట్టేదాన్ని. పెళ్లైన కొత్తలో కూడా నేను ఆ చప్పుడు కోసం అంతగా చెవులు రిక్కించి కూర్చోలేదు.